మా గ్యాంగంతా చప్పిడి తిన్న నెల

ఆ రోజుల్లో గోదావరిఖనిలో చేతికి గడియారం ఉందంటే ఆ మనిషి కొత్త పెళ్లికొడుకైనా అయి ఉండాలి, ఆఫీసరైనా అయి ఉండాలి. మిగతా జనానికంతా బాయి సైరనే గడియారం. (బొగ్గుగనిని మా వైపు బాయి అంటాం. నీళ్లు తోడుకునేదీ బాయే. మనిషి ఏ బాయికి పోతున్నాడో నెత్తిమీది టోపీ చూసి తెలుసుకోవాలి.) సైరన్ కూసిందంటే ఆడవాళ్లు సద్ది కట్టేవారు, మగవాళ్లు బూట్లు వెతుక్కునేవారు, బడి పిల్లలు ఇంకో కునుకు తీసేవారు. నాకు మాత్రం కడుపులో పేగులన్నీ ఒక్కసారిగా లేచి నిలబడేవి. రాళ్లు తిని అరిగించుకునే జనం ఉన్న ఊళ్లో, పాలచుక్క కూడా నిలవని కడుపును దేవుడు నాకే ఎందుకిచ్చాడో ఇప్పటికీ తెలియదు. కానీ ఆ కడుపే లేకపోతే నా జీవితంలో అన్నిటికంటే మంచి నెల నాకు దొరికేది కాదు.

నాకప్పుడు ఇరవై ఒకటో ఏడు. కమాన్‌పూర్ పక్క పల్లె నుంచి వచ్చి ఫిల్లరుగా చేరాను. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపడం ఫిల్లరు పని. ఆరుగురు కలిస్తే ఒక గ్యాంగు. మా గ్యాంగుకు పెద్దదిక్కు కాక (చిన్నాన్నను మేం అట్లా పిలుస్తాం). ఆయన ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు, అయినా తట్ట ఎత్తడంలో మాలో ఎవరూ ఆయనకు సరిపోయేవారు కాదు. రెండోవాడు బావ. నాకు ఏ చుట్టరికమూ లేదు గాని, నోరు తెరిస్తే వేళాకోళం తప్ప రాదు కాబట్టి అందరికీ బావే. మూడోవాడు పాస్టరన్న. నిజంగా పాస్టరు కాదు, మాలాగే ఫిల్లరు, కాకపోతే ముద్ద ముట్టేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు, అందుకని ఆ పేరు. మిగిలిన ఇద్దరూ అన్నదమ్ములు. వాళ్లు మాట్లాడేది తక్కువ, తినేది ఎక్కువ, అందుకని ఈ కథలో వాళ్లతో పెద్దగా పని పడదు.

బాయి లోపల అన్నీ ఉంటాయి, నాకు కావలసినది ఒక్కటే ఉండదు. కడుపు కదిలిందంటే పని చోటు నుంచి పైకి చీకట్లో ఎక్కుడు దారిన అరగంట నడవాలి, మళ్లీ దిగడానికి ఇంకో పావుగంట. పైకి నడిచే ఆ అరగంటలో నేను మొక్కని దేవుడు లేడు. (పాస్టరన్న ప్రభువుకు కూడా మొక్కాను. ఆ అవసరంలో మనిషికి మతం గుర్తుండదు.) నేను పైకి పోయిన ప్రతిసారీ నా వాటా బొగ్గు మిగతా ఐదుగురు ఎత్తాలి. ఒక్క మాట అనేవారు కాదు. కాకపోతే నాకు ‘సైరన్’ అని పేరు పెట్టారు. పొద్దున పైన సైరన్ కూయగానే లోపల నాదీ కూస్తుందని బావ కనిపెట్టిన పేరు అది. నెల తిరిగేసరికి దీపాలిచ్చే గదిలో కూడా, “ఏందిరా సైరన్, ఇయ్యాల ఎట్లున్నది?” అని అడగడం మొదలుపెట్టారు.

వైద్యాలకు కొదవ లేదు. మా ఇళ్ల లైన్లో ఇంటికొక వైద్యుడు. ఒకరు వాము నమలమన్నారు, ఒకరు దానిమ్మ తొక్క ఉడికించి తాగమన్నారు. పక్కింటి ముసలమ్మ ఒకావిడ బొడ్డు జరిగిందని తేల్చి, నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డు మీద దీపం పెట్టి చెంబు బోర్లించింది. చెంబు కడుపుకు పట్టుకుంది. బొడ్డు సర్దుకుందో లేదో తెలియదు గాని చెంబు మాత్రం ఊడి రాలేదు. చివరికి మా అవ్వ (కన్నతల్లినే మేం అవ్వ అంటాం) నా భుజాలు పట్టుకుంటే ముసలమ్మ చెంబు పట్టుకుని లాగింది. ఆ గుండ్రటి మచ్చ వారం దాకా ఉంది. కడుపు నొప్పి అట్లాగే ఉంది.

ఒకరోజు లోపలి పని చూసే ఓవర్‌మెన్ సారు పిలిచి నెమ్మదిగానే చెప్పాడు. “చూడు తమ్మీ, నువ్వు దినాం మూడుసార్లు పైకి పోతే నేనేం రాయాలె? దవాఖానకు పో. కడుపు మంచిగైందని డాక్టర్ చిట్టి తెస్తే లోపల పని. లేకుంటె పైననే రాళ్లు ఏరుకుంట ఉండాలె.” పైన బొగ్గులోంచి రాళ్లు ఏరే పని అంటే ఎండ తగిలే పని, ప్రాణానికి భయం లేని పని. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. నాకు మాత్రం ఆ పని వద్దు. ఎందుకో అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. అవ్వ తెల్లారకముందే కూలికి పోయేది. ఉట్టి మీది గిన్నె దించుకుని, గోడకేసి చూస్తూ ఒక్కడినే తినడం తప్ప నాకు వేరే తిండి తెలియదు. మొదటిసారి పదిమంది మధ్య కూర్చుని, చేయి చేయి తగులుతూ, “ఇంగో తిను” అని ఒకరు తోస్తుంటే తిన్నది బాయి లోపలే. ఆ గ్యాంగు పోతే నాకు మళ్లీ ఆ గోడే మిగులుతుంది. అందుకే దవాఖానకు పరుగెత్తాను.

డాక్టరు సారు కోస్తా వైపు మనిషి, సన్నగా, శాంతంగా ఉండేవాడు. అన్ని పరీక్షలూ చేయించాడు. (పరీక్షకు సీసా ఇచ్చి ఏం తెమ్మన్నాడో ఇక్కడ రాయను. ఆ సీసాను జేబులో పెట్టుకుని బజారు మధ్యలోంచి నడుస్తుంటే బావ ఎదురై, “ఏందిరా, అత్తరా?” అన్నాడు.) వారం తర్వాత సారు కాగితాలు చూసి, “పురుగుల్లేవు, పుండు లేదు. నీ పేగులు మంచివే, కానీ కోపిష్టివి. కారం తగిలినా కోపమే, నీకు భయమేసినా కోపమే. వాటిని బుజ్జగించాలయ్యా, బెదిరిస్తే వినవు” అన్నాడు. ఎలా బుజ్జగించాలో కూడా చెప్పాడు. మిరపకాయ బందు. ఉల్లి, వెల్లుల్లి బందు. పాలు వద్దు, పలచటి చల్ల తాగొచ్చు. చాయ్ పొద్దున ఒక్కటే. మెత్తటి అన్నం, పెసరకట్టు, బీరకాయో సొరకాయో. వేళకు తినాలి, నిదానంగా నమలాలి. రాత్రి పడుకునే ముందు ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లలో కలుపుకుని తాగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక నోటుబుక్కు కొని ఏ రోజు ఏం తిన్నానో, తిన్నాక కడుపు ఎలా ఉందో రాసి వారం వారం చూపించాలి. “రెండు మూడు నెలలు ఓపిక పట్టు. నువ్వు సరిగ్గా తింటే చిట్టి నేను రాస్తాను” అన్నాడు.

మా అవ్వకు ఆ మాటలు గురూపదేశంలా పనిచేశాయి. ఇంట్లో మిరపకాయల డబ్బా ఎత్తి అటక మీద పెట్టేసింది. తెల్లారకముందే లేచి అన్నం మెత్తగా వండి, పెసరకట్టు కాచి, బీరకాయ ఉప్పు పసుపు వేసి ఉడికించి, మూడంతస్తుల గిన్నెలో సర్ది ఇచ్చేది. సాయంత్రం నేను నోటుబుక్కు తీస్తే పక్కనే కూర్చునేది. ఆమెకు చదువు రాదు. “ఏం రాసినవ్, సదువు” అనేది. నేను పైకి చదివేవాణ్ణి: “మధ్యాహ్నం, మెత్తటి అన్నం, పెసరకట్టు, బీరకాయ.” ఆమె కళ్లు తృప్తిగా మూసుకునేది. రాసింది ప్రతి అక్షరమూ నిజమే. ఆమె వండినవి అవే. నేను తిన్నవి మాత్రం కావు.

ఇక్కడ మా గ్యాంగు కట్టుబాటు ఒకటి చెప్పాలి. లోపల తిండి వేళకు కాక తన పెద్ద సిల్వర్ తాంబాలం తుడిచి మధ్యలో పెట్టేవాడు. ఆరుగురి సద్దీ అందులో కుప్పలు కుప్పలుగా పడేది. ఎవరి కుప్ప మీదైనా చేయి వేయొచ్చు, తన కుప్ప మీద మాత్రం వేయకూడదు. ఎవడి సద్ది వాడు తింటే పైకప్పు కూలడానికి వాడి మీద కన్నేస్తుందని కాక నమ్మకం. “నువ్వు ఇంటి నుంచి తెచ్చింది నీది గాదు, పక్కోనిది. పక్కోడు తెచ్చిందే నీది” అనేవాడు. ఆయన లేని రెండు వేళ్లకూ ఈ నమ్మకానికీ ఏదో సంబంధం ఉందని మా అందరి అనుమానం, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పైకప్పు కింద బతికేవాడికి ఇట్లాంటి నమ్మకాలు నవ్వులాటగా ఉండవు.

లెక్క అర్థమైంది కదా. ఆరుగురిలో ఆ పెసరకట్టు ముట్టకూడని వాడు ఒక్కడే, వాడు నేనే. నా కోసం అవ్వ తెల్లారగట్ట లేచి వండిన మెత్తటి అన్నాన్ని బావ రెండు చేతులా లాగేసుకునేవాడు. అతనికి ఎప్పటినుంచో ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు. నా వాటాకేమో బావ ఇంటి పచ్చిమిరపకాయ తొక్కు (పచ్చడిని మేం తొక్కు అంటాం), పాస్టరన్న ఇంటి మామిడి తొక్కు, అన్నదమ్ముల ఇంటి నుంచి ఎల్లిపాయ కారం పూసిన జొన్నరొట్టె. తినకపోతే గ్యాంగులోంచి నేనే తప్పుకున్నట్టు. తింటే గంటలో పైకి పరుగు. నేను తింటూనే ఉన్నాను, పరుగెత్తుతూనే ఉన్నాను, సాయంత్రం పెసరకట్టు అని రాస్తూనే ఉన్నాను. డాక్టరు సారు బుక్కు చూసి తల గోక్కునేవాడు. “ఇంత పథ్యం మా ఆసుపత్రిలో పడుకున్నవాళ్లు కూడా చెయ్యరు. అయినా తగ్గదేం?” మూడో వారానికి ఆయన ముఖంలో దిగులు కనిపించింది. “ఇంకొక్క వారం చూస్తాను. తగ్గకపోతే నిన్ను లోపలికి పంపడం నాకు ధర్మం కాదు, పైన పనికే రాస్తాను” అన్నాడు.

ఆ వారంలోనే బావ వేలు టబ్బుకీ గోడకీ మధ్య నలిగి గోరు ఊడింది. కట్టు కట్టించుకోవడానికి అదే డాక్టరు దగ్గరికి పోయాడు. కట్టించుకుని రావచ్చు కదా! రాలేదు. నొప్పి మరచిపోవడానికి మాట్లాడాడు. “సారూ, మీ మందుల కంటె మా సైరన్‌గాని అవ్వ చేతి సద్ది నయం. మూడు వారాల సంది దినాం పెసరకట్టు నేనే తింటున్న. ఛాతిల మంట గిట్ల మాయమైంది. తేన్పు లేదు, ఏం లేదు. పెండ్లి నాడు సుత ఇంత నెమ్మది లేకుండె.” సారు చేతిలో దూది అట్లాగే ఆగిపోయిందట. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు బయట వరుసలో ఉన్నవాళ్లు కూడా తొంగి చూశారని బావే చెప్పాడు.

మర్నాడు నన్ను పిలిపించాడు. నోటుబుక్కు బల్ల మీద పెట్టి, “ఏమయ్యా, మూడు వారాలుగా నేను వైద్యం చేస్తున్నది ఎవరికి?” అన్నాడు. నేల చూపు చూస్తూ అంతా చెప్పేశాను. ఆయన నవ్వు ఆపుకుని, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “మీ కట్టుబాటును నేను తప్పు పట్టను. కానీ నీ కడుపుకు మీ కాక చెప్పింది తెలియదు. నీ గిన్నె నువ్వు తినాలి. నెల రోజులు. లేదంటే నా చేతులతో నేను పైన పనికి రాయాల్సి వస్తుంది.”

తెల్లారి లోపల తాంబాలం పరిచాక, నేను అందరి ముఖాలూ చూసి, గుండె రాయి చేసుకుని నా కుప్ప మీద చేయి వేశాను. కాక నా మణికట్టు పట్టుకున్నాడు. కోపం లేదు, నా టోపీ దీపం వెలుగులో ఆయన ముఖంలో భయం కనిపించింది. “వద్దు బిడ్డా” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. డాక్టరు మాట, ఓవర్‌మెన్ మాట, పైన రాళ్లు ఏరే మాట అన్నీ ముక్కు తుడుచుకుంటూ చెప్పేశాను. బావ మొదటిసారి వేళాకోళం చేయలేదు. “నీ సద్దంత నేనే మింగితిని గదరా, చెప్పొద్దా!” అన్నాడు. కాక నా చేయి వదిలి తాంబాలం తన వైపు జరుపుకున్నాడు. తీర్పు చెప్పినట్టు చెప్పాడు.

“వాని సద్ది వాడు తినద్దు. ఆ కట్టుబాటు తప్పొద్దు. మన సద్ది వాడు తినాలె. అయితె మనదే వానికి పడేటట్టు తెద్దాం. రేపటి సంది అందరిండ్లల్ల మిరపకాయ బందు. నెల దినాలు.”

“నెలా!” అన్నాడు బావ.

“నెలనే. వానికోసం గాదు, తాంబాలం కోసం.”

తొక్కు లేని ముద్ద నోట్లో పెట్టని ఇళ్లవి. ఆ రాత్రి ఆ నాలుగు ఇళ్లలో ఏం గొడవ జరిగిందో నాకు తెలియదు, పాస్టరన్న భార్య మాత్రం మర్నాడు మా అవ్వ దగ్గరికి వచ్చి పెసరకట్టు ఎట్లా కాయాలో నేర్చుకుని పోయింది. ఆ తర్వాత ముప్పై రోజులు గోదావరిఖనిలో ఒక బాయిలో ఆరుగురు బొగ్గు ఫిల్లర్లు బాలింతల్లా తిన్నారు. ఆరు కుప్పలు, ఆరూ ఒకటే రంగు. మొదటి రోజు పాస్టరన్న కళ్లు మూసుకుని, “ప్రభువా, ఈ ఆహారమును... ఇది ఆహారమని మాకు నమ్మిక దయచేయుము” అని ప్రార్థించాడు. ఎప్పుడూ మాట్లాడని అన్నదమ్ముల్లో పెద్దవాడు నోరు తెరిచి, “ఉప్పన్నా ఉన్నదా?” అని అడిగాడు. బావ సంగతి చెప్పనక్కరలేదు, అతని కడుపుకు హాయిగా ఉండేది, నాలుకకు నరకంగా ఉండేది. ఒకరోజు జేబులో ఒక పచ్చిమిరపకాయ దాచుకొచ్చి, నమలకుండా వాసన చూసుకుంటూ తిన్నాడు. కాక చూశాడు, చూడనట్టే ఊరుకున్నాడు. పక్క గ్యాంగువాళ్లు, “మీకందరికి ఒక్కపారె కానుపైందా?” అని పోతూ వస్తూ ఎగతాళి చేసేవారు. ఒక్కరూ నా వైపు వేలు చూపలేదు.

నా కడుపు సర్దుకుంది. పెసరకట్టుకు సర్దుకుందో, ఇసబ్‌గోలుకు సర్దుకుందో, నాతో పాటు ఐదుగురు చప్పిడి నములుతుంటే భయమెందుకని సర్దుకుందో డాక్టరు సారు కూడా తేల్చలేదు. “మూడూ కలిసే అయ్యుంటుంది” అన్నాడు. ఒక పొద్దున పైన సైరన్ కూసింది. నేను అలవాటుగా కడుపు పట్టుకుని నిలబడ్డాను. ఏమీ కాలేదు. అవ్వ గిన్నె చేతికిస్తూ నా ముఖం చూసి, ఏమైందని కంగారు పడింది.

ఇప్పుడొక దొంగతనం ఒప్పుకోవాలి. అది ఆ చప్పిడి నెలలో మూడో వారం చివర జరిగింది. ఆ సాయంత్రం నోటుబుక్కులో ‘కడుపు బాగుంది’ అని నిజమే రాశాను. మర్నాడు లోపల కాక, “ఎట్లున్నదిరా?” అని అడిగితే మాత్రం, “ఇంకా కొంచెం ఉన్నది కాకా” అన్నాను. నోరు దానంతటదే అంది. ఆ మర్నాడూ అన్నాను. బాగైందంటే నెల నిండకముందే చప్పిడి ఆగిపోతుంది మరి. ఎందుకంటే నా కోసం ఒకరు ఏదైనా వదులుకోవడం నేను అంతకుముందు ఎరగను. ఐదుగురు మగవాళ్లు ముఖాలు మాడ్చుకుని, ఉప్పు చాలని అన్నం మింగుతూ, మధ్య మధ్య నా వైపు చూసి, “జర నిమ్మళంగ తిను, జల్ది జల్ది మింగకు” అంటుంటే, ఆ సుఖం ఇంకో వారం ఉంటే బాగుండుననిపించింది. బావకు అనుమానం వచ్చింది. “కాకా, వీడు పైకి ఉరుకుతనే లేడు. వీనికి మంచిగైంది, మనల్ని సంపుతున్నడు” అన్నాడు. కాక నా కళ్లలోకి చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన పెసరకట్టు కలుపుకుంటూ, “ఉండనీరా. ఇంకో వారం తిందాం, మనదేం పోతది” అన్నాడు. ఆయనకు తెలుసు. ఆ రోజే తెలుసు.

నెల నిండాక డాక్టరు సారు చిట్టి రాసిచ్చాడు. బావ ఆ మధ్యాహ్నం తొక్కు గిన్నె రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకున్నాడు. కాక మాత్రం కొత్త కట్టుబాటు పెట్టాడు, రోజూ రెండు ఇళ్ల నుంచి కారం లేని సద్ది రావాలని, వంతులవారీగా. ఆ వంతు మా గ్యాంగు చెదిరేదాకా, ఏళ్ల తరబడి తప్పలేదు. నేను రిటైరయ్యేదాకా లోపలే పని చేశాను.

ఆ బాయి ఇప్పుడు లేదు. ఆ చోటంతా పైనుంచి తవ్వేసి ఓపెన్‌కాస్టు చేశారు. మేం తాంబాలం పరుచుకున్న నేలా, కాక భయపడ్డ పైకప్పూ లారీల్లో ఎప్పుడో వెళ్లిపోయాయి. అంచున నిలబడి చూస్తే మేం కూర్చున్న చోట ఇప్పుడు ఉత్త గాలి. కాక పోయి చాలా ఏళ్లయింది, తర్వాత పాస్టరన్న, మొన్నటేడు బావ. నా తిండి ఇప్పుడు ఏ డాక్టరూ వంక పెట్టలేనంత పద్ధతిగా ఉంటుంది. మా ఇంట్లో ఎవరి రోగానికి తగ్గట్టు వాళ్లకు వేరే వంట, ఎవరి వేళకు వాళ్ల పళ్లెం. నా గిన్నె నాకు విడిగా, మూత పెట్టి ఉంటుంది. మూత తీసి తింటాను. కడుపు ఏమీ అనదు. కోడలు మంచి పిల్ల, పనిలో పనిగా వంటింట్లోంచి, “మామయ్యా, కడుపు ఎట్లున్నది?” అని అడుగుతుంది. ఏ ఇబ్బందీ లేదు, శుభ్రంగా ఉంది. అయినా ముసలితనంలో సిగ్గు కూడా సగం పోతుందేమో, ఒక్కోరోజు నా నాలుక చివరిదాకా వస్తుంది, “ఇంకా కొంచెం ఉన్నది” అని.